కోనసీమ ఊరి చరిత్ర రాయాలంటే మురుగు కాలువ దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: నాన్నగారిది అంబాజీపేట పక్క ఊరు, మీరు హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు, ఇప్పుడు ఆ ఊరి చరిత్ర చిన్న పుస్తకంగా తేవాలనుకుంటున్నారు. కోనసీమ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా? చుట్టూ ఇంత నీరుండగా 2011లో రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారు? ఊరి పాత రికార్డులు ఎలా చూడాలి? ఈ మూడూ వేరువేరు ప్రశ్నల్లా ఉన్నాయి గానీ ఒకదాన్ని పట్టుకుంటే మిగతా రెండూ దాని వెంటే వస్తాయి. కోనసీమలోకి నీళ్లు ఎలా వచ్చాయో అందరూ రాశారు. ఊళ్లోంచి నీళ్లు ఎలా బయటికి పోతాయో రాసినవాళ్లు బాగా తక్కువ. మీ పుస్తకం ఆ పని చేస్తే నిజంగా కొత్త పుస్తకం అవుతుంది.

ముందు హద్దులు. ధవళేశ్వరం దాటాక గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పుది గౌతమి, పడమరది వశిష్ఠ. వశిష్ఠ మళ్లీ గన్నవరం దగ్గర వైనతేయను విడిచిపెడుతుంది. గౌతమి యానాం పక్కనుంచి, వైనతేయ ఓడలరేవు దగ్గర, వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తాయి. గౌతమికీ వశిష్ఠకూ మధ్య, దిగువన సముద్రం హద్దుగా ఉన్న ముక్కే కోనసీమ. పాత లెక్కలో అమలాపురం, రాజోలు తాలూకాలు, పైన కొత్తపేట వైపు. వైనతేయకూ వశిష్ఠకూ మధ్య ఉన్న రాజోలు భాగాన్ని ఇంజనీర్ల పాత కాగితాల్లో నగరం దీవి అని రాసేవారు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లాలో గౌతమి అవతలి ఒడ్డున ఉన్న రామచంద్రపురం, మండపేట కూడా చేరాయి కాబట్టి జిల్లా మ్యాపునే కోనసీమ మ్యాపు అనుకోకండి. ద్రాక్షారామం జిల్లాలో ఉంది, కోనసీమలో లేదు. ఎదుర్లంక కోనసీమలో ఉంది, ఏరు దాటితే యానాం పుదుచ్చేరిది, 1954 దాకా ఫ్రెంచివారిది.

పేరు సంగతి కూడా ఒకటి సరిచూసుకోవాలి. మూడు వైపులా నీరు, మూడు కోణాలు, అందుకే కోనసీమ అని చాలామంది చెబుతారు. కానీ మధ్యయుగ శాసనాల్లోనే కోన మండలం ఉంది, దాన్ని ఏలిన హైహయులున్నారు. పలివెల కొప్పులింగేశ్వరాలయం శాసనాలు ఆ కాలాన్ని చూడటానికి మంచి చోటు. త్రికోణం కథ కంటే ఆ పేరు పాతది. పుస్తకంలో రెండూ రాయండి, కానీ దేనికి ఆధారం ఉందో, ఏది జనం నోటి మాటో విడదీసి రాయండి.

ఇక నేల. ఈ సీమ మొత్తం ఏరు తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రం తోసిన ఇసుక. అమలాపురం నుంచి సముద్రం వైపు వెళ్తుంటే ఒకదాని తర్వాత ఒకటి ఒడ్డుకు సమాంతరంగా ఇసుక మెరకలు వస్తాయి. అవన్నీ ఒకప్పటి సముద్రపు ఒడ్లు. సముద్రం వెనక్కి జరిగినప్పుడల్లా ఒక్కో మెరక మిగిలిపోయింది. రెండు మెరకల మధ్య పల్లం. ఊరు మెరక మీద, కొబ్బరి మెరక మీద, గుడి మెరక మీద. వరి పల్లంలో. మీ ఊరి వాళ్లు "మెరక తోట", "పల్లపు చేను" అంటుంటే అది మాట వరసకు అన్నది కాదు, నేల ఎలా పుట్టిందో చెబుతున్నట్టు. ఊళ్ల పేర్లలో కూడా ఇదే కనిపిస్తుంది. తిప్ప అంటే ఇసుక దిబ్బ, లంక అంటే ఏటి మధ్య మేట. వాసాలతిప్ప, బలుసుతిప్ప, వక్కలంక, ఎదుర్లంక. ఇప్పుడు చుట్టూ ఏరు కనిపించని ఊరికి కూడా లంక అని పేరుంటే, ఒకప్పుడు అక్కడ ఏటి పాయ పారి ఉండొచ్చు. ఆ పాయ ఎటు పోయిందో వెతకండి.

మీ వైపే దానికి మంచి ఉదాహరణ ఉంది. సప్త గోదావరుల పేర్లలో కౌశిక ఒకటి. ఈ రోజు అంబాజీపేట ప్రాంతంలో కౌశిక అంటే మురుగు కాలువ. డ్రైనేజీ శాఖ కాగితాల్లో ఎగువ కౌశిక, దిగువ కౌశిక అని రెండు డ్రెయిన్లుగా ఉంటుంది. కనుమ రోజున మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి కదా, వాటిలో గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు ఈ ఎగువ కౌశికను దాటాలి. వెదురు బద్దలు, రంగు గుడ్డలు, నెమలి ఈకలు, గంటలు కట్టిన ఎత్తైన ప్రభను భుజాల మీద పెట్టుకుని నీళ్లలోకి దిగుతారు. నీరు ఛాతీదాకా వస్తుంది, కాళ్ల కింద బురద జారుతుంది, ప్రభ ఒరగకుండా తాళ్లు పట్టిన వాళ్లు రెండు ఒడ్ల మీదా లాగి పట్టుకుంటారు. దారిలో పచ్చటి వరి చేలను తొక్కుకుంటూ పోయినా రైతు ఏమీ అనడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ దృశ్యం ఫోటోల్లో అందరూ చూశారు. ప్రభ దాటేది ఒకనాటి గోదావరి పాయనని, ఇప్పుడు అదే వేల ఎకరాల మురుగును మోస్తోందని రాసినవాళ్లు మాత్రం అరుదు.

నీళ్లు వచ్చిన కథ మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. 1832–33 నాటి కరువు, 1839 కోరింగ ఉప్పెన, దాంతో రాజమండ్రి జిల్లా చితికిపోయింది. ఆర్థర్ కాటన్ పరిశీలించి నివేదిక ఇచ్చాక 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. కాటన్ పక్కన వీణం వీరన్న పేరు తప్పకుండా రాయండి, కూలీలను కూడగట్టి పని నడిపించిన మనిషి ఆయన. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 గేట్లు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలుగా పారే నీటిలో కోనసీమది మధ్య డెల్టా, ఆయకట్టు సుమారు 2 లక్షల ఎకరాలు. బొబ్బర్లంక దగ్గర తల తూము, అక్కడి నుంచి లొల్ల లాకులు, అక్కడ కాలువలు విడిపోయి గన్నవరం వైపు, అమలాపురం వైపు సాగుతాయి. వైనతేయ అడ్డం వచ్చిన చోట కాలువను ఏటి మీదుగా 49 కమానుల అక్విడక్టు కట్టి నగరం దీవికి దాటించారు. 2000లో దాని పక్కనే కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఏరు దాటి వచ్చిన ప్రతి మనిషికీ వేళతో పని లేకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె. 1909లో కన్నుమూశారు. ఆమె కథ కూడా రేవు కథే. వంతెనలు లేని రోజుల్లో పడవ కోసం ఆగిపోయిన బాటసారులు ఎక్కడ తినాలి అన్న ప్రశ్నకు ఒక ఇల్లు ఇచ్చిన జవాబు అది.

ఇప్పుడు అసలు విషయం. బ్యారేజీ దగ్గర నీటిమట్టం సముద్రమట్టానికి సుమారు 13.6 మీటర్ల ఎత్తున నిలుపుతారు. అక్కడి నుంచి అంతర్వేది దాకా తిన్నగా గీత గీసి కొలిస్తే 70 కిలోమీటర్లకు కాస్త తక్కువ. అంటే సగటున కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలు. సముద్రం దగ్గరికి వచ్చేకొద్దీ అది కూడా ఉండదు. కాలువ నీరు ఎత్తు నుంచి వస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. మురుగు మాత్రం పల్లపు చేను నుంచి సముద్రంలోకి పోవాలి, అదీ పంపు లేకుండా, తనంతట తానుగా. సముద్రం నిలకడగా ఉండదు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పోటు ఒక మీటరు లేచిందనుకుంటే, పై లెక్క ప్రకారం 5 కిలోమీటర్ల వాలును మింగేసినట్టే. ఆ గంటల్లో డ్రెయిన్ నీరు నిలబడిపోతుంది, మొగ దగ్గర, అంటే డ్రెయిన్ సముద్రంలో కలిసే చోట, తలుపులు సరిగా లేకపోతే ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. పాటు వచ్చాకే మళ్లీ కదులుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు ఇంకా ఎక్కువ. అందుకే ఒకే వాన ఏకాదశినాడు కురిస్తే ఒక రకంగా, అమావాస్యనాడు కురిస్తే ఇంకో రకంగా ముంచుతుంది.

వాన లెక్క కూడా వేసి చూపిస్తాను, ఎందుకంటే మీ చదువరులకు ఇది ఎవరూ చెప్పి ఉండరు. 10 సెంటీమీటర్ల వాన ఎకరానికి 400 ఘనమీటర్ల పైచిలుకు, అంటే 4 లక్షల లీటర్లు. మధ్య డెల్టా 2 లక్షల ఎకరాల మీద ఒక్క రోజు అంత వాన పడితే దాదాపు 3 టీఎంసీలు. అదంతా రోజులో సగం గంటలే తెరుచుకునే మొగల గుండా పోవాలి. అదే సమయంలో గోదావరికి వరద ఉంటే, ఏట్లోకి దిగే డ్రెయిన్ల తలుపులు మూసేయక తప్పదు, ఎందుకంటే ఏటి నీరు చేను కంటే ఎత్తున ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. హెచ్చరిక అనగానే లంకల గురించే మాట్లాడుకుంటారు, అది న్యాయమే. ఎదురుబిడియం కాజ్‌వే మునుగుతుంది, గన్నవరం అవతల లంకలకు పడవలే దిక్కవుతాయి. గట్టు లోపలి చేలు మాత్రం ఏటి నీటితో మునగవు, తమ వాన నీటితోనే మునుగుతాయి. ఈ తేడా పట్టుకోకపోతే కోనసీమ ముంపు ఎప్పటికీ అర్థం కాదు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పటిది ఏటి ముంపు. దాదాపు ఏటా అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన చేలల్లో ఉండేది మురుగు ముంపు. మొదటిది వార్త అవుతుంది, రెండోది అప్పు అవుతుంది.

ఆనకట్ట 1852లో కట్టారు. డెల్టా మురుగును ఒక పద్ధతిలో పెట్టాలని మిత్ర కమిటీ చెప్పింది 1960లలో, ఆ పనుల ఖర్చు కోసం డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది 1968లో. మధ్యలో నూరేళ్లకు పైగా అంతరం ఉంది. ఈ నూరేళ్లలో ఏటిగట్లు బలపడ్డాయి, వరద గట్టు లోపలికి రావడం తగ్గింది, దాంతోపాటు వరద తెచ్చే ఒండ్రు కూడా ఆగిపోయింది. గట్టు బయట లంక నేలలు ఇప్పటికీ కొత్త ఒండ్రు పోసుకుంటాయి, అందుకే అక్కడ అరటి, కంద, కూరగాయలు అంత బాగా వస్తాయి. గట్టు లోపలి పల్లం పెరగదు. ఏడాదికి రెండు పంటల నీరు మాత్రం పెడుతూనే ఉన్నాం.

2011 పంట విరామం ఇక్కడి నుంచే చూడాలి. ఆ సార్వాలో, అంటే ఖరీఫ్‌లో, కోనసీమలో లక్షకు దగ్గరగా ఎకరాల్లో నాట్లు వేయలేదు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. ధర గిట్టుబాటు కాలేదు, కూలి పెరిగింది, ధాన్యం కొనేవాళ్లు లేరు, ఇవన్నీ నిజమైన కారణాలే, అయితే ఇవి రాష్ట్రమంతా ఉన్నవి. కోనసీమలోనే ఎందుకు మొదలైంది? తేదీలు పెట్టి చూడండి. స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, సుమారు 150 రోజుల పంట. జూన్ 10న నారు పోస్తే నవంబరు మొదటి వారంలో కోత. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను ఎలా తుడిచిపెట్టిందో మీ ఊళ్లో పెద్దవాళ్లెవరైనా చెబుతారు. పంట గట్టెక్కాలంటే జూన్ మొదట్లోనే కాలువకు నీరు రావాలి, నాట్లు జూలై మొదటి వారానికి అయిపోవాలి. నీరు జూలైలో వదిలితే నాట్లు ఆగస్టుకు జరుగుతాయి, అప్పుడే వాన ముంపు. నాలుగు రోజుల నాటు వారం నీళ్లలో ఉంటే కుళ్లిపోతుంది. మళ్లీ నారు కొని మళ్లీ నాటితే కోత డిసెంబరుకు పోతుంది. గింజ పట్టాక మునిగితే పడిపోయి పనల మీదే మొలకెత్తుతుంది. ఇలా వరసగా నాలుగైదు సార్వాలు పోగొట్టుకున్న పల్లపు రైతుకు చేను వేయకపోవడమే తక్కువ నష్టం. 2022లో కూడా అల్లవరం, ఐ. పోలవరం వైపు రైతులు అదే మాట అన్నారు. నా అంచనాలో మద్దతు ధర ఎంత పెంచినా డ్రెయిన్ పారని చేనుకు అది అందదు.

డ్రెయిన్ ఎందుకు పారదు? కారణాలు నాలుగైదు ఉన్నాయి, ఒక్కో ఊరికి ఒక్కోటి ముఖ్యం. గుర్రపు డెక్క, తూడు, కిక్కిస పెరిగి నీటిని పట్టేస్తాయి. యంత్రంతో తీసిన డెక్కను గట్టు మీదే పోస్తే మొదటి వానకు మళ్లీ లోపలికి జారుతుంది. పూడిక తీసే పనులు కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి. టెండర్లు ఆలస్యమై మే ఆఖరులో మొదలైతే సగం పనిలోనే నీరు వచ్చేస్తుంది. చేలల్లోకి దారి కోసం వేసిన చిన్న తూములు డ్రెయిన్ వెడల్పును గొట్టమంత చేసేస్తాయి. సముద్రం దగ్గర రొయ్యల చెరువుల గట్లు మురుగు దారిని కుదించడమే కాక, చెరువులోని ఉప్పునీరు మంచినీటి డ్రెయిన్లోకే వదులుతారు. అన్నిటికంటే పెద్దది మొగ. ఎండాకాలం పైనుంచి నీటి ఉధృతి తగ్గగానే సముద్రం ఇసుకను తోసి మొగను మూసేస్తుంది. వానలకు ముందే ఆ ఇసుక కొట్టి దారి తీయాలి. కూనవరం, వాసాలతిప్ప, శంకరగుప్తం డ్రెయిన్ల గురించి స్థానిక పత్రికల్లో ఏళ్ల తరబడి వచ్చిన వార్తలు పక్కపక్కన పెట్టి చదవండి, ఊరి పేర్లు మారతాయి గానీ ఈ కారణాలే మళ్లీ మళ్లీ వస్తాయి.

వరి పోతే పోయింది, కొబ్బరి ఉంది కదా అనుకోవద్దు. మెరక మీది కొబ్బరి కూడా కింద నిలిచిన ఉప్పునీటితో పోతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి తోటలు మోడువారింది ఇలాగే. కొబ్బరి వేరుకు గాలి కావాలి. నీరు నిలిస్తే మొదట పిందె రాలుతుంది, తర్వాత కాయ సైజు తగ్గుతుంది, మట్టలు వాలతాయి, ఆఖరికి మొవ్వు ఎండి చెట్టు మోడుగా నిలుస్తుంది. దీనికి రెండు మూడేళ్లు పడుతుంది కాబట్టి మొదటి ఏడు ఎవరూ గుర్తించరు, తెల్లదోమ అనుకుని మందు కొడతారు. మట్టి పరీక్షలో లవణ సూచిక, అంటే ఇ.సి., 4 దాటితే నేల చౌడుబారినట్టు లెక్క.

కొబ్బరి గురించి ఊరి పుస్తకంలో ఒక అధ్యాయం ఉండాలి కాబట్టి ఆ మాటలు సరిగా రాయండి. చెట్టుకూ చెట్టుకూ 8 మీటర్ల ఎడంతో ఎకరానికి అరవై పైచిలుకు చెట్లు. పొడుగు రకం ఆరేడేళ్లకు కాపుకొస్తుంది. నెలన్నర, రెండు నెలలకోసారి దింపు. దింపు కార్మికుడు వేరు, ఒలుపు కార్మికుడు వేరు, రెండూ వేరువేరు నైపుణ్యాలు, వేరువేరు కూలి రేట్లు. పచ్చికాయగా అమ్మేది ఒక వ్యాపారం, అటక మీద నెలల తరబడి ఆరబెట్టి, లోపల నీరంతా ఇంకి కొబ్బరి విడివడి గలగలలాడేదాకా ఉంచే కురిడీ ఇంకో వ్యాపారం. అంబాజీపేట మార్కెట్లో ధర వెయ్యి కాయల లెక్కన చెబుతారు. కురిడీలో గండేరా, గటగట అని రకాలు. అదే అంబాజీపేటలో ఉన్న పరిశోధన కేంద్రం గంగబొండాన్ని తూర్పు తీరపు పొడుగు రకంతో కలిపి గోదావరి గంగ అనే సంకరం తెచ్చింది. తోటలో అంతర పంటగా అరటి, కంద, పసుపు, కోకో. మీ ఊరి పాత ఇళ్లలో కురిడీ కోసం కట్టిన అటకలు ఇంకా మిగిలి ఉంటే కొలతలతో ఫోటోలు తీయండి, కొత్త ఇళ్లలో వాటిని కట్టడం లేదు.

మనుషుల గురించి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. కోనసీమ అనగానే అగ్రహారాలు, వేద పండితులు అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయే పుస్తకాలు చాలా ఉన్నాయి. వేద చదువు ఈ నేలకు గౌరవమే. కానీ ఊడ్పు ఊడ్చినవాళ్లు, డ్రెయిన్ తవ్వినవాళ్లు, చెట్టెక్కినవాళ్లు, వలేసినవాళ్లు లేకుండా ఊరి చరిత్ర ఉండదు. మామిడికుదురులో 1911లో పుట్టిన కవి బోయి భీమన్న, ఎదుర్లంకలో పుట్టి 1998లో లోక్‌సభ స్పీకరైన బాలయోగి దళిత కుటుంబాల బిడ్డలు. తీరంలో అగ్నికుల క్షత్రియులు, మెరకల మీద శెట్టిబలిజలు, కాపులు, రాజులు, దళితులు, బండారులంకలో చేనేత కుటుంబాలు, ఇలా ఒక్కో కులం పేటకు ఊళ్లో ఒక్కో చోటుంది. ఎవరి పేట మెరక మీద ఉంది, ఎవరి పేట పల్లంలో ఉంది, వానకు ఎవరి ఇంట్లోకి ముందు నీరొస్తుంది అని ఒక చిన్న పటం గీస్తే, సామాజిక చరిత్ర మీద పది పేజీలు చెప్పలేనిది అది చెబుతుంది. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టే విషయంలో 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. ఆ పేరు నిలిచింది. దీన్ని దాటవేయకండి.

వలసలు కూడా రాయండి. ఒకప్పుడు గోదావరి మనుషులు కోరింగ, కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ వెళ్లారు. ఇప్పుడు రాజోలు, మలికిపురం వైపు నుంచి ఆడవాళ్లు గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్తున్నారు. చాలా డాబాలు ఆ అమ్మల కష్టంతో లేచినవి. నేల కింది గ్యాస్ ఇంకో అధ్యాయం. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో రేగిన మంట 65 రోజులు ఆరలేదు. 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. రైలు గురించి ఒక్క మాట: కోటిపల్లి దాకా ఉన్న పట్టాలను రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేశారు, 2004లో మళ్లీ వేశారు. అమలాపురానికి ఇప్పటికీ రైలు రాలేదు. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య పంటు ఎక్కితే అది ఎందుకు పెద్ద మాటో తెలుస్తుంది.

ఇక రికార్డులు. మొదట మీ ఊరు రెవెన్యూ గ్రామమా, పంచాయతీ మాత్రమేనా, వేరే గ్రామానికి శివారా తేల్చుకోండి. శివారైతే దాని రికార్డు అసలు గ్రామం పేరు మీద ఉంటుంది, ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. ఒకే పేరున్న ఊళ్లతో కూడా పొరపాటు జరుగుతుంది. పి. గన్నవరం వేరు, ఎల్. గన్నవరం వేరు. ఐ. పోలవరంలో ఐ అంటే ఐలాండ్, ప్రాజెక్టు కడుతున్న పోలవరంతో దానికి సంబంధం లేదు. తర్వాత ఆ గ్రామం పాత రోజుల్లో జమీందారీయా, సర్కారుదా, అగ్రహారమా తెలుసుకోండి. జమీందారీ అయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే సరైన సెటిల్‌మెంటు రికార్డు మొదలవుతుంది. అగ్రహారం, ఇనాం అయితే ఇనాం ఫెయిర్ రిజిస్టరు, 1956 ఇనాముల రద్దు చట్టం కింది కాగితాలు చూడాలి. సర్కారు గ్రామమైతే ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) పాతదే దొరకొచ్చు.

తహశీల్దారు ఆఫీసులో మూడు అడగండి: గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం), ఆర్.ఎస్.ఆర్. ఆర్.ఎస్.ఆర్.లో ప్రతి సర్వే నంబరుకు విస్తీర్ణం, మెట్టా మాగాణా, నీటి ఆధారం, శిస్తు, పట్టాదారు పేరు ఉంటాయి. నీటి ఆధారం గడిని తప్పకుండా రాసుకోండి. తేదీలు ఫసలీల్లో ఉంటాయి, 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1310 అంటే 1900 జూలై నుంచి 1901 జూన్. ఏటి ఒడ్డు గ్రామాల్లో కొన్ని సర్వే నంబర్లు కాగితం మీద ఉంటాయి, నేల మీద ఉండవు, ఏటికి పోయాయి. లంక భూములకు ఏ, బి, సి తరగతులతో వేరే లెక్క ఉంటుంది, వాటిని జిరాయితీతో, అంటే మామూలు పట్టా భూములతో, కలపకండి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ గ్రామంలో పూర్తయి ఉంటే పాత సర్వే నంబర్ల బదులు ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్శిల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటాయి. పాత నంబరుకు కొత్తది ఏదో చూపే పట్టిక ముందే తీసుకోకపోతే రెండు పటాలు కలవవు. ఆన్‌లైన్లో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్త్రాలు తిరగేయించాల్సిందే. మద్రాసు రాష్ట్రం నాటి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. 1907 నాటి జిల్లా గెజెటీర్ మంచి ఆధారమే గానీ, అందులో కులాల గురించి రాసిన మాటలను అలాగే ఎత్తి రాయకండి, అవి దొరల కళ్లతో చూసినవి.

ఎవరితో మాట్లాడాలి అంటే, ముందు కాలువ తూములు చూసుకునే లస్కరుతో. తూము ఎప్పుడు తెరిచారో, ఏ బోదెకు (చేలల్లోని చిన్న కాలువకు) ఎవరు గొడవపడ్డారో అతనికి తెలుసు. తర్వాత ఊడ్పు చేసిన ముసలమ్మలతో. ఏ చేను ఎంత లోతు, ఏ ఏడు ఎన్నిసార్లు నాటారు అన్నది పట్టాదారు కంటే వాళ్లకే బాగా గుర్తుంటుంది. ఏళ్లు చెప్పలేకపోతే 1986 వరదకు ముందా తర్వాతా, 1996 తుపానుకు ముందా తర్వాతా అని అడగండి, చాలావరకు సరిగ్గా కుదురుతుంది.

ఊరికి రెండుసార్లు వెళ్లండి. ఒకసారి మే మొదట్లో, కాలువలు కట్టేసి డ్రెయిన్ అడుగు కనిపించే రోజుల్లో. ఇంకోసారి అక్టోబరులో, అమావాస్య దగ్గర. చేతిలో ఎఫ్.ఎం.బి. నకలు, 30 మీటర్ల టేపు, గుర్తులు వేసిన ఒక వెదురు కర్ర ఉంటే చాలు. పాత ఎఫ్.ఎం.బి.లో కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు, కాబట్టి ఒక లింకు 20 సెంటీమీటర్ల చిల్లర. డ్రెయిన్ పోరంబోకు 60 లింకులని ఉంటే 12 మీటర్లన్నమాట. మీ నాన్నగారి చేను బోదె దగ్గర మొదలుపెట్టి మైనరు డ్రెయిన్, అక్కడి నుంచి కౌశిక, అలా మొగ దాకా నడవండి. ప్రతి అర కిలోమీటరుకూ, ప్రతి తూము దగ్గరా ఆగి మూడు రాసుకోండి: పటంలో వెడల్పు, ఇప్పుడున్న వెడల్పు, లోతు. తూము గొట్టం వ్యాసం కూడా. పాటు వేళ నీరు ఏ చోటు నుంచి కదలడం మొదలైందో గడియారం చూసి వేయండి. ఆ పట్టికను పుస్తకం మధ్యలో రెండు పేజీల్లో అచ్చు వేయించండి, ఒక నకలు పంచాయతీ ఆఫీసులో, ఒకటి ఆయకట్టు రైతుల నీటి సంఘానికి ఇవ్వండి. వచ్చే మేలో పూడిక అంచనాలు వేసే ఇంజనీరుకు అది పనికొస్తుంది.